ఆఫీసుకీ అడవికీ ఒకే బండి: కొనే ముందు పడుకోబెట్టి లేపి చూడు

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలికి రోజూ రానూపోనూ 60 కిలోమీటర్లు. నెలకోసారి టెంట్ కట్టుకుని వికారాబాద్ వైపో, నల్లమల వైపో మట్టి దారుల్లో తిరగాలి. ఏడాదికోసారి అరకు, హంపి లాంటి లాంగ్ టూర్. ఎప్పటికైనా లద్దాఖ్. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 68 కిలోలు, ఇప్పటిదాకా నడిపింది 150 సీసీ బండి. హెల్మెట్, జాకెట్‌తో సహా మొత్తం బడ్జెట్ మూడున్నర లక్షలు. హీరో ఎక్స్‌పల్స్ 210, సుజుకి వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450, కేటీఎమ్ 390 అడ్వెంచర్, ఈ బైకుల్లో ఏది అని అడిగావు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఎక్స్‌పల్స్ 210 తీసుకో. వెనక ఇంకొకరిని కూర్చోబెట్టుకుని తరచుగా దూరం వెళ్లేవాడివైతే మాత్రం నా మాట మారుతుంది. అది తర్వాత చెప్తాను. ముందు నేను ఈ అభిప్రాయానికి ఎలా వచ్చానో విను, ఎందుకంటే నేనూ నీలాగే మొదలుపెట్టాను.

2018లో హిమాలయన్ 411 కొన్నాను. నిండు ట్యాంకుతో 190 కిలోలు దాటే బండి. కొన్న నాలుగు నెలలకి ఒక శనివారం ఒక్కణ్నే కోట్‌పల్లి రిజర్వాయర్ దాటి తాండూరు వైపు పోతున్నా. వాన పడి అప్పుడే ఆగింది. కంది చేల మధ్య బండ్లబాట, మొత్తం నల్లరేగడి. వెనకాల టెంటు, స్లీపింగ్ బ్యాగు, స్టవ్వు, నీళ్లు అన్నీ కలిపి 20 కిలోల పైన సామాను. 300 మీటర్లలో మూడుసార్లు పడ్డాను. మొదటిసారి నవ్వుకుంటూ లేపాను. రెండోసారి తిట్టుకుంటూ లేపాను. మూడోసారి లేవలేదు. సామానంతా విప్పి బురదలో పెట్టి, మళ్లీ ప్రయత్నించి, చెప్పులు లేని కాళ్లు జారినట్టు బూట్లు జారుతుంటే పక్కన కూర్చుండిపోయాను. ఫోన్‌లో సిగ్నల్ లేదు. చీకటి పడే వేళకి చేలోంచి ఒక పెద్దాయన వచ్చి ఓ చెయ్యి వేశాడు. వేసి ఊరుకోలేదు, "గింత బరువు బండి ఎందుకు సారూ, ఎడ్లబండి నయం గదా" అన్నాడు. ఆ మాట నాకు ఎక్కడానికి రెండేళ్లు పట్టింది. 2022లో దాన్ని అమ్మేసి ఎక్స్‌పల్స్ 200 4వీ తీసుకున్నాను. ఇప్పటికీ అదే నడుపుతున్నాను. స్నేహితుల దగ్గర 210, హిమాలయన్ 450 రెండూ ఉన్నాయి కాబట్టి అవీ బాగానే తోలాను.

అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది హార్స్‌పవర్ గురించి కాదు. సామానుతో సహా పడిపోయిన బండిని, సాయంత్రం అలసిపోయి ఉన్నప్పుడు, నువ్వొక్కడివే లేపగలవా? కాగితం మీద బరువులు చూడు. వీ-స్ట్రోమ్ 167 కిలోలు, ఎక్స్‌పల్స్ 210 దాదాపు 170, కేటీఎమ్ 183, హిమాలయన్ 450 అయితే 196. ఎక్స్‌పల్స్‌కీ హిమాలయన్‌కీ తేడా 26 కిలోలు, అంటే ఒక బియ్యం బస్తా. రోడ్డు మీద ఆ బస్తా నీకు తెలియదు, పైగా గాలికి బండి ఊగకుండా మేలే చేస్తుంది. బురదలో మాత్రం ఆ బస్తాను నువ్వే మోయాలి.

లేపడానికీ ఒక పద్ధతి ఉంది. బండి కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండ్ దించుకో, లేకపోతే లేపిన ఊపులో అటువైపు పడుతుంది. గేర్‌లో వెయ్యి. హ్యాండిల్‌ను పడ్డ వైపుకే పూర్తిగా తిప్పు. సీటుకు వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్ గ్రిప్, ఇంకో చేత్తో వెనక సీటు పక్కనుండే పట్టుకునే కడ్డీ (గ్రాబ్ రైల్) పట్టుకుని, నడుముతో కాకుండా తొడల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వెయ్యి. ఇది ఇంటి ముందు పాత పరుపు వేసుకుని ప్రాక్టీస్ చెయ్యి. షోరూమ్ వాళ్లు కొత్త బండిని పడుకోబెట్టనివ్వరు, అది సహజం. బండి ఉన్న స్నేహితుణ్ని బతిమాలుకో, లేదా అద్దెకు దొరికితే రెండు రోజులు తీసుకో.

సీటు ఎత్తు గురించి నీకు టెన్షన్ ఉన్నట్టుంది. ఎక్స్‌పల్స్ 830 మిల్లీమీటర్లు, వీ-స్ట్రోమ్ 835, కేటీఎమ్ 830, హిమాలయన్ 825. చూశావా, నాలుగూ ఇంచుమించు ఒకటే. కాబట్టి ఈ అంకెతో నిర్ణయం తీసుకోకు. సీటు ముందుభాగం సన్నగా ఉంటే కాలు నేరుగా కిందికి దిగుతుంది, వెడల్పుగా ఉంటే కాళ్లు పక్కకి చాపాల్సి వస్తుంది. నువ్వు కూర్చోగానే సస్పెన్షన్ కూడా కొంత కుంగుతుంది. మన ఎత్తు వాళ్లకి రెండు పాదాలూ పూర్తిగా ఆనవు, ఆనక్కర్లేదు కూడా. సిగ్నల్ దగ్గర ఎడమకాలు పూర్తిగా ఆనించి, కుడికాలు బ్రేక్ మీద ఉంచడం వారంలో అలవాటవుతుంది. హిమాలయన్‌కి 805 దాకా దిగే తక్కువ ఎత్తు సీటు విడిగా దొరుకుతుంది. ఎక్స్‌పల్స్‌లో సస్పెన్షన్ పెంచిన ప్రో లాంటి రకాల జోలికి మాత్రం నువ్వు వెళ్లకు. 200 ప్రోలో సీటు 891 మిల్లీమీటర్లు, అది ఎక్కడానికి నాకే స్టూలు కావాలి.

ఇక మన మట్టి సంగతి. ఇంటర్నెట్‌లో వీడియోలన్నీ స్పితిలో రాళ్ల మీదో, రాజస్థాన్ ఇసుకలోనో తీసినవి. మనకి ఎదురయ్యేవి వేరు. ఎర్రమట్టి దారి ఎండాకాలంలో హాయిగా ఉంటుంది, గులకరాళ్లు మాత్రం వంపుల్లో కంకర పోసినట్టు జారతాయి. నల్లరేగడి పొడిగా ఉంటే సిమెంటు, తడిస్తే బంక. టైరుకు దగ్గరగా మడ్‌గార్డ్ ఉన్న బండి అయితే ఆ బంక మధ్యలో ఇరుక్కుని ముందు చక్రం తిరగడమే మానేస్తుంది. నా 411తో పుల్ల పెట్టి గీక్కుంటూ ఒక కిలోమీటరు దూరానికి గంట పట్టిన రోజులున్నాయి. హిమాలయన్ 450కీ ముందు మడ్‌గార్డ్ టైరు దగ్గరే. ఎక్స్‌పల్స్‌కి ముక్కులా పైన ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ. ఇంకొకటి, వరి ప్రాంతాల్లో నాట్ల సీజన్‌లో దమ్ము చక్రాల ట్రాక్టర్లు తిరిగిన ఊరి దార్లు. ఆ చాళ్లలో ముందు చక్రం పడితే రైలు పట్టా ఎక్కినట్టే, బయటికి రాదు. 21 అంగుళాల ముందు చక్రం అక్కడ 19 కంటే నయం. ఎక్స్‌పల్స్, హిమాలయన్, కేటీఎమ్ 390 అడ్వెంచర్ మూడింటికీ 21 ఉంది. వీ-స్ట్రోమ్‌కి 19, తక్కువ ధరకి వచ్చే కేటీఎమ్ 390 అడ్వెంచర్ ఎక్స్‌కీ 19.

వీ-స్ట్రోమ్‌ని నేను తీసిపారెయ్యడం లేదు. 250 సీసీ, 26 హార్స్‌పవర్, మెత్తటి ఇంజిన్, ట్యూబ్‌లెస్ అలాయ్ చక్రాలు. నీ మట్టి దారి అంటే ఊరి కంకర రోడ్డు, చెరువు గట్టు అంతే అయితే దాన్ని మించింది లేదు, ఆఫీసుకి అన్నిటికంటే అదే సుఖం. కానీ దాంట్లో వెనక చక్రం ఏబీఎస్, అంటే బ్రేక్ నొక్కినప్పుడు చక్రం బిగిసిపోకుండా చూసే ఏర్పాటు, ఆపే వీలు లేదు. గులకరాళ్ల మీద దిగుడులో వెనక బ్రేక్ నొక్కితే ఏబీఎస్ వదిలేస్తూ వదిలేస్తూ బండి నీ మాట వినకుండా కిందికి పోతుంటుంది. అలాంటి చోట వెనక చక్రం కాస్త బిగిసి ఈడ్చుకుంటూ దిగడమే క్షేమం. మిగతా మూడింట్లో ఆ సౌకర్యం ఉంది. కేటీఎమ్ గురించి ఎక్కువ చెప్పను. 46 హార్స్‌పవర్‌తో వీటన్నిటిలోకీ సరదా బండి అదే, కానీ నీ డబ్బుకి అందదు.

డబ్బు అంటే గుర్తొచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది కదా. 350 సీసీ లోపు బళ్లకి 28 నుంచి 18 శాతానికి దిగింది. పైన ఉన్న వాటికి సెస్సుతో కలిపి 31 ఉన్నది 40 అయింది. అంటే ఎక్స్‌పల్స్, వీ-స్ట్రోమ్ చౌక అయ్యాయి, హిమాలయన్, కేటీఎమ్ ప్రియమయ్యాయి. 2023 నవంబరులో 2.69 లక్షలకి వచ్చిన హిమాలయన్ 450 ఇప్పుడు షోరూమ్ ధరే మూడు లక్షలు దాటింది. దానిమీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ పడేసరికి నీ మూడున్నర అక్కడే ఆవిరైపోతుంది, హెల్మెట్‌కి కూడా మిగలదు. ఎక్స్‌పల్స్ 210 ఆన్‌రోడ్ రెండు లక్షల పైచిలుకులో అయిపోతుంది. కొటేషన్ మాత్రం రెండు మూడు చోట్ల తీసుకో. యాక్సెసరీలు, హ్యాండ్లింగ్ అని కలిపేవాటిని తీసెయ్యమని గట్టిగా అడుగు.

రోజువారీ సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. క్యాంపింగ్ నెలకి రెండు రోజులు, ఆఫీసు 24 రోజులు. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్‌ని రానివ్వరు కాబట్టి నీ దారి ఆరాంఘర్, అత్తాపూర్, టోలీచౌకి గుండానే. ఆ ట్రాఫిక్‌లో మే నెలలో హిమాలయన్ ఫ్యాన్ తిరుగుతుంటే తొడలకి తగిలే వేడి టెస్ట్ రైడ్‌లో తెలియదు. ఎక్స్‌పల్స్‌దీ లిక్విడ్ కూల్డ్ ఇంజినే, వేడి లేదని కాదు, తక్కువ. సందుల్లో దూరడానికి సన్నటి బండి హాయి. పెట్రోలు లెక్క నువ్వే వేసుకో. నెలకి 1,440 కిలోమీటర్లు, ఏడాదికి 17 వేల పైన. మేం తోలిన లెక్కల్లో 210 లీటరుకి 35 దగ్గర ఇస్తుంది, హిమాలయన్ 28. అంటే ఏడాదికి 120 లీటర్ల పైన తేడా. లీటరు 107 రూపాయలనుకున్నా 13 వేలు. ఆ డబ్బుతో ప్రతి ఏడాదీ ఒక అరకు ట్రిప్పు వెళ్లి రావచ్చు.

మరి హైవే మీద చిన్న ఇంజిన్ సరిపోతుందా? ఇదే అందరి సందేహం. నాలుగు లైన్ల హైవేలో టూవీలర్‌కి కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగమే గంటకి 80 కిలోమీటర్లు. నా 200 4వీ 85 దాటాక ఆయాసపడుతుంది, నిజం. 210కి 24 హార్స్‌పవర్, ఆరో గేరు ఉండటం వల్ల 90లో కూడా గొంతు చించుకోదు. విజయవాడ మీదుగా వైజాగ్, అక్కణ్నుంచి అరకు అంటే 700 కిలోమీటర్ల పైమాటే. దాన్ని ఎలాగూ రెండు రోజులుగా చెయ్యాలి. నిజంగా ఇబ్బంది పెట్టేది ఇంజిన్ కాదు, సీటు. సన్న సీటు కాబట్టి గంటన్నరకోసారి దిగాల్సిందే. టీ తాగడానికి ఎలాగూ దిగుతాం. ఘాట్‌లో లారీని ఓవర్‌టేక్ చెయ్యాలంటే హిమాలయన్‌లో చెయ్యి తిప్పితే చాలు, 40 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజిన్ లాగే బలం, అక్కడ కనిపిస్తుంది. ఎక్స్‌పల్స్‌లో ఒక గేరు తగ్గించి, రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగాలి. వెనక మనిషి, సామాను రెండూ ఉంటే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే మొదట్లో ఆ షరతు పెట్టాను. మీ ఇంటావిడ కూడా టూర్లకి వస్తానంటే ఇంకో ఏడాది డబ్బు దాచుకుని హిమాలయన్ 450 తీసుకో, ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలున్న రకమే తీసుకో. సంకోచించకు. 17 లీటర్ల ట్యాంకు, ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల దాకా కుంగే సస్పెన్షన్, ఇద్దరితో టూరింగ్‌కి నాకు తెలిసి ఆ ధరలో అంత మంచి బండి లేదు.

రాత్రి ప్రయాణం మాత్రం ఏ బండితోనూ వద్దు. కోతల కాలంలో రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. నల్లటి తారు మీద ఆ రాళ్లు లైటుకి చివరి క్షణం దాకా కనపడవు.

ఎక్స్‌పల్స్‌తో వచ్చే అసలు చిక్కు పంచర్. స్పోక్ చక్రాలు, ట్యూబ్ టైర్లు. ఒకసారి మారేడుమిల్లి నుంచి చింతూరు పోయే ఘాట్‌లో వెనక టైరు కూర్చుంది. గాలి మరీ తగ్గించి తోలాను, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడ్డాయి, పాము కాటేసినట్టు. చుట్టూ అడవి, షాపు లేదు. టైర్ లీవర్లు ఉన్నాయి, ట్యూబ్ ఉంది, కానీ ఇంట్లో ఎప్పుడూ ప్రాక్టీస్ చెయ్యలేదు. రెండు గంటలు, వేళ్ల చర్మం ఊడింది, కొత్త ట్యూబ్‌నే లీవర్‌తో పొడిచేస్తానేమోనని భయం వేరే. నువ్వు ఆ తప్పు చెయ్యకు. కొన్న మొదటి నెలలోనే ఒక ఆదివారం తెలిసిన పంచర్ షాపులో కూర్చుని చక్రం విప్పడం, టైరు ఊడదీయడం, ఎక్కించడం నేర్చుకో. వంద రెండు వందలు చేతిలో పెడితే సంతోషంగా నేర్పుతారు. 21 అంగుళాల ట్యూబ్ ఊళ్లలో దొరకదు, కాబట్టి అది ఎప్పుడూ బండిలో ఉండాలి. అవసరం పడితే దాన్నే వెనక 18 చక్రంలోకి కూడా సర్ది ఇంటికి చేరొచ్చు. మట్టి దారిలో టైర్లలో గాలి కంపెనీ చెప్పినదానికంటే ఐదారు పీఎస్‌ఐ తగ్గిస్తే పట్టు దొరుకుతుంది, అంతకంటే దిగకు. మళ్లీ తారు ఎక్కగానే నింపుకోవడానికి చిన్న ఎలక్ట్రిక్ పంపు పెట్టుకో.

సామాను విషయంలో ఇనప డబ్బాల మోజు వద్దు. బురదలో పడినప్పుడు కాలు డబ్బాకీ నేలకీ మధ్య ఇరుక్కుంటే ఎముక విరుగుతుంది. మెత్తటి శాడిల్ బ్యాగులే మేలు. సోమవారం ఆఫీసుకి విప్పి ఇంట్లో పెట్టెయ్యొచ్చు. బరువైనవి, అంటే నీళ్లు, స్టవ్వు, టూల్స్, కిందా ముందుకీ ఉండాలి. టెంటు, స్లీపింగ్ బ్యాగు లాంటి తేలికైనవి వెనక సీటు మీద అడ్డంగా కట్టు. వెనక ర్యాక్ మీద, తోక చివర బరువు పెడితే ముందు చక్రం తేలిపోయి మట్టిలో తిప్పిన వైపుకి తిరగదు. నీ సామాను 15 కిలోలు దాటుతోందంటే ఏదో అక్కర్లేనిది మోస్తున్నావని అర్థం. నేను మొదట్లో మడత కుర్చీ మోసేవాణ్ని, ఇప్పుడు బండకి ఆనుకుని కూర్చుంటున్నాను.

నల్లమల అన్నావు కాబట్టి ఒక మాట. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో ఎక్కడపడితే అక్కడ టెంటు వేస్తే కేసు అవుతుంది, శ్రీశైలం రోడ్డుని అడవి మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. అనుమతి ఉన్న చోటే దిగు. గండికోట లాంటి చోట్ల టెంట్లు వేసుకునే ఏర్పాటు ఉంది, కానీ పెన్నా లోయ అంచున గాలి మామూలుగా ఉండదు, మేకులు ఎక్కువ పట్టుకెళ్లు. ఎండు గడ్డి మధ్య నిప్పు రాజెయ్యకు, గ్యాస్ స్టవ్వు చాలు.

మిగిలే లక్ష పైచిలుకు ఎలా ఖర్చు పెట్టాలో కూడా చెప్తాను. మొదట బూట్లు. అందరూ జాకెట్టు కొని బూట్ల దగ్గర పిసినారితనం చేస్తారు, మట్టిలో మొదట దెబ్బ తగిలేది చీలమండకే. మోకాలి గార్డులు, మంచి హెల్మెట్, గ్లోవ్స్, జాకెట్ కలిపి 40 వేలు అవుతుంది. ఒకటి రెండు రోజుల ఆఫ్‌రోడ్ ట్రైనింగ్ తీసుకో. నిలబడి తోలడం, వెనక బ్రేక్ వాడటం నేను నాలుగేళ్లు తప్పుగా చేసి, ఒక్క పూటలో దిద్దుకున్నాను. తర్వాత బాష్ ప్లేట్ (ఇంజిన్ కింద రాళ్లు తగలకుండా ఉండే పలక), హ్యాండ్ గార్డులు, క్రాష్ గార్డు. అక్కడితో ఆగు. సైలెన్సర్లు, ఫాగ్ లైట్ల దండలు అక్కర్లేదు.

లద్దాఖ్ కోసం ఇప్పుడే పెద్ద బండి కొనడం, ఎప్పుడో చేసే పెళ్లికి ఇప్పుడే పందిరి వేసుకున్నట్టు. హైదరాబాద్ నుంచి లేహ్‌కి తోలుకెళ్లి రావాలంటే మూడు వారాల సెలవు కావాలి. సెలవు లేకపోతే విమానంలో దిగి లేహ్‌లోనే బండి అద్దెకు తీసుకోవచ్చు, అక్కడ హిమాలయన్లకి కొదవ లేదు. సెలవు దొరికితే ఎక్స్‌పల్స్ కూడా వెళ్తుంది, ఎత్తులో నీరసపడుతుంది అంతే. అక్కడ గాలి పల్చగా ఉంటుంది కాబట్టి అన్ని బళ్లూ అలాగే చేస్తాయి.

సెకండ్ హ్యాండ్ కూడా ఆలోచించొచ్చు, 200 4వీలు బాగానే దొరుకుతున్నాయి. చూసేటప్పుడు బాష్ ప్లేట్ కింద తడుము, లోతు సొట్టలుంటే ఇంజిన్ కేసుకి పగులు ఉందేమో చూడాలి. ముందు చక్రం గాల్లోకి లేపి తిప్పు, రిమ్ము వంకర ఉంటే కనపడుతుంది. హ్యాండిల్ మధ్యలో కటక్‌మని ఆగితే కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయినట్టు. ఫోర్క్ రాడ్ల మీద ఆయిల్ చారలు, వదులైన స్పోకులు బేరానికి పనికొస్తాయి, భయపడాల్సినవి కావు.

టెస్ట్ రైడ్‌కి ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద వెళ్లకు. వారం మధ్యలో, సాయంత్రం ఆరింటికి, ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని వెళ్లు. అదే ట్రాఫిక్‌లో కనీసం అరగంట తోలనివ్వమని అడుగు. దిగాక ఇంజిన్ ఆపి, దాన్ని ఒక్కడివే వెనక్కి తోసి, మిట్ట మీద యూ టర్న్ తిప్పి చూడు. ఎక్స్‌పల్స్‌తోనూ హిమాలయన్‌తోనూ ఒకే రోజు ఈ పని చేశాక, ఏది తీసుకున్నావో నాకొక మాట చెప్పు.